ఒక్క లైన్ మారిస్తే 206 లైన్లు మారినట్టు చూపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న (తిరుపతి, బీటెక్ మూడో సంవత్సరం)

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఓపెన్ సోర్స్‌లో (ఎవరైనా చూసి మార్పులు పంపగల కోడ్) ఇదే నా మొదటి ప్రయత్నం. ఊరి పేరు కొడితే జిల్లా, పిన్‌కోడ్ చూపించే చిన్న ప్రాజెక్టు ఒకటి, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో కనిపించింది. మాది శ్రీకాళహస్తి. 2022 ఏప్రిల్ 4 నుంచి మేము తిరుపతి జిల్లాలో ఉన్నాం, అందులో మాత్రం ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంది. ఫోర్క్ చేసి (నా ఖాతాలోకి కాపీ తీసుకుని), ఆ లైన్ మార్చి, దాన్ని కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టాను. తీరా చూస్తే 206 లైన్లు ఎరుపు (తీసేసినవి), 206 లైన్లు ఆకుపచ్చ (చేర్చినవి)! నేను ముట్టుకున్నది ఒక్కటే లైను, ఒట్టు. పైగా కింద పరీక్షలేవో అనుమతి కోసం ఆగాయని చూపిస్తోంది. నన్ను బ్లాక్ చేశారా? ఇది మూసేసి కొత్తది పెట్టేదా? రాత్రి నుంచి ఒకటే టెన్షన్.

జవాబు (చిత్తూరు, ఉద్యోగి)

మూసేయొద్దు తమ్ముడూ. నిన్నెవరూ బ్లాక్ చేయలేదు. ఒక ప్రాజెక్టుకు మొదటిసారి కోడ్ పంపేవాళ్ల విషయంలో, ఆటోమేటిక్ పరీక్షలు నడపాలంటే ఆ ప్రాజెక్టు చూసుకునేవాళ్లు ఒక బటన్ నొక్కాలి. ఆ పరీక్షలు నడిచే కంప్యూటర్లలో కొందరు దొంగచాటుగా క్రిప్టో కాయిన్లు తవ్వడం మొదలుపెట్టారు, అందుకే 2021లో గిట్‌హబ్ ఈ అడ్డు పెట్టింది. నీ తప్పేమీ లేదు.

206 లైన్ల సంగతికొస్తే, నువ్వు విండోస్ వాడుతున్నావు కదూ? లైన్ అయిపోయిందని చెప్పడానికి విండోస్ రెండు కనిపించని గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. నీ ఎడిటర్ ఫైల్ మొత్తాన్ని విండోస్ పద్ధతిలోకి మార్చి సేవ్ చేసి ఉంటుంది. కంటికి తేడా తెలియదు, మార్పుల లెక్క ఉంచే గిట్‌కు మాత్రం ప్రతి లైనూ కొత్తదే. పుల్ రిక్వెస్ట్ పేజీలో సెట్టింగుల గుర్తు నొక్కి, ఖాళీ జాగాల తేడాలు దాచే ఆప్షన్ పెట్టి చూడు. ఒక్క లైనే మిగిలిందంటే రోగం ఇదే.

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే కింద కుడి మూల సీఆర్‌ఎల్‌ఎఫ్ (విండోస్ పద్ధతి) అని ఉంటుంది. దాన్ని నొక్కి ఎల్‌ఎఫ్ (లినక్స్ పద్ధతి) చేసి సేవ్ చెయ్యి. తర్వాత తేడాలు చూపే గిట్ డిఫ్ ఆదేశం వద్దు, అది పాడైన నీ కమిట్‌తోనే (నువ్వు గిట్‌లో భద్రపరిచిన మార్పుతోనే) పోల్చి మళ్లీ భయపెడుతుంది. అసలు ప్రాజెక్టు మెయిన్ బ్రాంచితో (ప్రధాన ప్రతితో) పోల్చు. ఒక్క లైనే తేడా వచ్చాక కమిట్ చేసి, అదే బ్రాంచికి పుష్ చెయ్యి (గిట్‌హబ్‌కు పంపు). పాత పుల్ రిక్వెస్ట్ దానంతటదే మారిపోతుంది. ఇది తెలియక నేను మొదట్లో ఒకే మార్పుకు మూడు రిక్వెస్టులు పెట్టాను, వాటికి ఓపిగ్గా జవాబిచ్చిన మనిషికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

జవాబు (తిరుపతి)

ఒక లైన్ మార్చడం కూడా కాంట్రిబ్యూషనేనా? రెజ్యూమేలో రాసుకోవడానికే కదా ఇదంతా.

జవాబు (చిత్తూరు, ఉద్యోగి)

పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చే 2020 హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో, ఆ టీషర్టు కోసం ప్రాజెక్టు పరిచయ ఫైల్ రీడ్‌మీలో ఒక మంచి మాట చేర్చి పంపినవాళ్ల గురించైతే మీ కోపం న్యాయమే. ఆ గోల భరించలేకే, ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామని అప్పట్లో నిర్వాహకులు నిబంధన మార్చారు. ఈ అబ్బాయి సరిచేసింది తన ఊరి జిల్లా. తప్పు చూపించే లైన్ ఒక్కటైనా తప్పే కదండీ.

జవాబు (తిరుపతి, టెస్టింగ్ ఉద్యోగం)

తమ్ముడూ, అక్కను ఒక మాట చెప్పనివ్వు. అక్కడ "సర్, ప్లీజ్ మెర్జ్" (కలుపుకోండి) అని రోజూ రాయొద్దు. వాళ్లలో చాలామంది ఆఫీసు అయ్యాక, పిల్లల్ని పడుకోబెట్టాక ఈ పని చూసేవాళ్లే. వారమైనా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు మర్యాదగా ఒకసారి గుర్తుచెయ్యి. ఇంగ్లీషు గురించి దిగులొద్దు. ఏం మార్చావు, ఎందుకు మార్చావు, ఎలా సరిచూశావు, ఈ మూడూ చిన్న చిన్న వాక్యాల్లో రాస్తే చాలు.

తర్వాత ఏ ఇష్యూ (ప్రాజెక్టులో నమోదైన సమస్య) పట్టుకోవాలని అడుగుతావు ఎలాగూ. కొత్తవాళ్ల కోసం "గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ ఉన్నవాటి మీద అప్పటికే పదిమంది "నేను చేస్తా" అని రాసి మాయమై ఉంటారు. అంతకంటే ఆ యాప్‌లో మీ ఊరి పేరు తెలుగులో కొట్టి చూడు. శ్రీకాళహస్తి అంటే మన కంటికి ఐదు అక్షరాలు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం ఇలా విడివిడిగా లెక్కపెట్టే యూనికోడ్‌కు (కంప్యూటర్లో అక్షరాలకు సంఖ్యలిచ్చే పద్ధతి) పన్నెండు. పేరును పదికి కత్తిరించే యాప్ ఏదైనా "శ్రీకాళహస్" అని చూపించి ఊరుకుంటుంది. ఇంగ్లీషులోనే పరీక్షించేవాళ్లకు ఇలాంటివి కనబడవు. ఏం కొట్టావు, ఏం రావాలి, ఏం వచ్చింది రాసి, స్క్రీన్‌షాట్ పెట్టి ఇష్యూ తెరువు. కోడ్ రాయకపోయినా అది పనికొచ్చే పనే.

ప్రశ్న అడిగినవారు

అన్నా, అదే రోగం! ఎల్‌ఎఫ్ పెట్టాను, ఇప్పుడు ఒక లైన్ ఎరుపు, ఒక లైన్ ఆకుపచ్చ, అంతే. పరీక్షలు కూడా నడిచాయి. ప్రాజెక్టు ఆయన చంద్రగిరి సంగతి కూడా చూడమన్నారు. చూస్తే అదీ ఇప్పుడు తిరుపతి జిల్లాలోదే, ప్రాజెక్టులో మాత్రం ఇంకా చిత్తూరు అనే ఉంది. దానికి కొత్త బ్రాంచి తీయాలా?

జవాబు (చిత్తూరు, ఉద్యోగి)

ఆయనే అడిగారు కాబట్టి ఈ బ్రాంచిలోనే వేసెయ్. ఈసారి కమిట్‌కు ముందు గిట్ డిఫ్ చూసుకో, నీ చివరి కమిట్ సరిగానే ఉంది కాబట్టి ఇప్పుడు అది నిజమే చెబుతుంది.