డేకేర్‌లో పిల్లలు నిలవడం లేదు, పేరూ ఫ్లెక్సీ మార్చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండీ. నిజాంపేటలో ఇల్లు అద్దెకు తీసుకుని డేకేర్ పెట్టి 8 నెలలైంది. 14 మంది పిల్లలు, అందరూ ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల లోపువాళ్లే. నాకు ముగ్గురు ఆయాలు. ఈ రెండు నెలల్లో నలుగురు మానేశారు. ఎందుకండీ అంటే "మా అత్తగారు ఊరి నుంచి వచ్చారు" అంటారు. వారం తిరక్కుండానే పక్క వీధి డేకేర్ గేటు దగ్గర కనిపిస్తారు. పేరూ లోగో మార్చి మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టిద్దామని మావారు అంటున్నారు. డిజైన్ చేసే అబ్బాయి 30 వేలు చెప్పాడు. పేరులో మాంటిస్సోరి అని చేరిస్తే అడ్మిషన్లు వస్తాయట. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రోజూ ఫోటోలు పెడుతూనే ఉన్నాను. ఇంకేం చేయమంటారు?

జవాబు (మియాపూర్‌లో 11 ఏళ్లుగా క్రెష్ నడుపుతున్నాను):
అమ్మా, ఆ 30 వేలు ముందు పక్కన పెట్టండి. మా దగ్గర రెండో ఏడు జరిగింది చెబుతాను. అన్నాల వేళ ఒక బాబు ఇంకో పాప ముంజేతిని కొరికాడు. ఆయా ఐసు పెట్టింది, పాప ఏడుపు మానింది, మేమూ మర్చిపోయాం. సాయంత్రం గేటు దగ్గర పాపను అందించింది నేనే, "బాగా ఆడుకుందండీ" అని కూడా అన్నాను. రాత్రి స్నానం చేయిస్తుంటే వాళ్లమ్మ చూసింది. పైన నాలుగు పళ్లు, కింద నాలుగు పళ్లు, అచ్చు గుద్దినట్టు. ఫోన్ చేసి తిట్టలేదావిడ. "మీరు చూశారా, చూళ్లేదా అండీ?" అని ఒక్కమాటే అడిగింది. చూశామంటే దాచినట్టు, చూళ్లేదంటే పిల్లల్ని గాలికి వదిలేసినట్టు. ఏం చెప్పను? మర్నాటి నుంచి పాప రాలేదు. వాళ్ల అపార్ట్‌మెంట్ నుంచి ఆ ఏడాది ఇంకెవ్వరూ రాలేదు.

అప్పట్నుంచి గీరుకున్నా, కొరికినా, ఒళ్లు వెచ్చబడినా 10 నిమిషాల్లో ఫోన్ చేస్తాం. మెసేజ్ కాదు, ఫోనే. ఏం జరిగింది, మేమేం చేశాం, ఇప్పుడెలా ఉంది, అంతవరకే. కొరికిన పిల్లవాడి పేరు మాత్రం ఎంత అడిగినా చెప్పం. వాళ్లమ్మతో విడిగా మాట్లాడతాం. మాటలు రాని వయసులో కోపమొస్తే కొరుకుతారు, పెంపకంలో లోపం కాదని ఆవిడకీ ధైర్యం చెప్పాలి కదా.

ఇక గ్రూపులో ఫోటోలు. ఆఫీసు నుంచి క్యాబ్‌లో వస్తున్న తల్లికి కావాల్సింది 20 ఫోటోలు కాదమ్మా. తిన్నాడా, పడుకున్నాడా, మోషన్ అయిందా, ఏడ్చాడా? మేము రోజూ ఒక చీటీ రాసి బ్యాగులో పెడతాం. నిన్నటి చీటీ ఒకటి ఇలా ఉంది: "పప్పన్నం సగం తిన్నాడు, పెరుగన్నం వద్దన్నాడు. 1:10 నుంచి 2:30 దాకా నిద్ర. నాలుగింటికి అరటిపండు. ఇవాళ చెప్పులు తనే వేసుకున్నాడు, ఎడమది కుడికాలికి." ఆ చివరి ముక్క చదవడానికే వాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు. "బాగున్నాడు" అని మాత్రం రాయొద్దని ఆయాలకు గట్టిగా చెప్పాను. మా దగ్గర సగం మందిని తీసుకెళ్లేది అమ్మమ్మలూ తాతయ్యలే, అందుకే చీటీ తెలుగులో రాస్తాం. తెలుగు చదవలేని ఇళ్లకు హిందీలో వాయిస్ మెసేజ్ పెడతాం.

మాంటిస్సోరి మాట వద్దు. అది మరియా మాంటిస్సోరి అనే ఇటలీ ఆవిడ పేరు. ఆవిడ 1939లో మద్రాసులోని అడయార్ వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆవిడ పేరున్న బోధన అదొక పూర్తి పద్ధతి. దానికి ప్రత్యేకమైన సామగ్రి కావాలి, అందులో శిక్షణ పొందిన టీచరు కావాలి. అవి లేకుండా బోర్డు మీద రాస్తే, తెలిసిన తల్లి లోపలికొచ్చి ఒక్క చూపు చూస్తే చాలు.

జవాబు (కొండాపూర్, ఓ మూడేళ్ల బాబు నాన్నని):
ఫోటోల గురించి నాదీ ఒక మాట. మావాడు బట్టల్లేకుండా టబ్బులో నీళ్లాడుతున్న ఫోటో డేకేర్ గ్రూపులో పెట్టారు. ఇంకెవరో దాన్ని స్టేటస్ పెట్టుకున్నారు. మా ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అడ్మిషన్ ఫారంలో విడివిడిగా అడగండి: ఫోటో మాకు మాత్రమే పంపొచ్చా, గ్రూపులో పెట్టొచ్చా, ప్రచారానికి వాడొచ్చా. వద్దన్నవాళ్లను మళ్లీ కదపకండి.

జవాబు (ట్రేడ్‌మార్క్ పనులు చూస్తాను):
పేరు మార్చేట్టయితే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకండి, వెతకడం ఉచితం. ట్రేడ్‌మార్క్‌లో సరుకుల్నీ సేవల్నీ తరగతులుగా విడదీస్తారు. డేకేర్ సేవలు 43వ తరగతి కిందికి, చదువు చెప్పడం 41 కిందికి వస్తాయి. వ్యక్తి పేరున ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేస్తే తరగతికి 4,500 రూపాయలు. 'కిడ్స్', 'లిటిల్' లాంటి అందరూ వాడే మాటల మీద హక్కు దొరకడం కష్టం.

ఫ్లెక్సీ కన్నా దగ్గర్లోని ఆఫీసుల హెచ్‌ఆర్ వాళ్లను కలవండి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017 ప్రసూతి చట్ట సవరణలో పెట్టారు.

ప్రశ్న అడిగినావిడ:
మానేసినవాళ్లలో ఒకావిడకు ఇందాకే ఫోన్ చేశానమ్మా. మళ్లీ పంపమని అడగలేదు, నా వల్ల ఏం పొరపాటు జరిగిందో చెప్పమన్నాను. జూన్‌లో మా పాత ఆయా మానేసింది. వాళ్ల పాప రోజూ ఆవిడ చంకెక్కితే గానీ లోపలికొచ్చేది కాదు. ఒకరోజు పొద్దున గేటు తీసింది కొత్త మనిషి. ఆవిడెవరో నేను ఎవరికీ చెప్పలేదు, నాకు తట్టనేలేదు. "ముక్కూముఖం తెలియని మనిషి చేతికి బిడ్డనిచ్చి ఆఫీసుకెళ్లి ఏడ్చానండీ" అందావిడ.

జవాబు (మియాపూర్):
అడిగి మంచిపని చేశారు. ఇకమీదట ఆయా మారితే పాత మనిషి ఉండగానే కొత్త మనిషిని తీసుకోండి. వారం రోజులు ఇద్దరూ కలిసి గేటు దగ్గర నిలబడాలి. పేరు, ఎక్కడుంటుంది, ఇదివరకు ఎక్కడ చేసింది, పోలీస్ వెరిఫికేషన్ అయిందా లేదా, ఇవన్నీ మీరే ముందు చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. ఆవిడకు రేపు ఇంకోసారి ఫోన్ చేసి క్షమించమని అడగండి. పాప రాకపోయినా సరే.

ప్రశ్న అడిగినావిడ:
చేస్తానమ్మా. సోమవారం నుంచి చీటీలు మొదలుపెడతాను. పుస్తకం అచ్చు వేయించాలా?

జవాబు (మియాపూర్):
అక్కర్లేదు. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేయండి. కింద కార్బన్ పెట్టి రాయించండి, ఒక ప్రతి మీ దగ్గరుంటుంది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు సగం, సాయంత్రం పాలయ్యాక మిగతా సగం రాసేస్తే గేటు దగ్గర హడావుడి ఉండదు.