సమస్యాపూరణం: “అచ్చు లేని మాట యచ్చు కెక్కె”

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి. ఐదు గణాలూ గలాలే (గురువు, లఘువు), యతి అకారానికి. ఒక్క నియమం ఉంది: పూరణలో ఇంగ్లీషు అక్షరాల వేట కనిపించాలి. చేతికొచ్చిన అక్షరాలతో మాట పట్టాలి, అందులో ఏ, ఈ, ఐ, ఓ, యూ ఉండకూడదు. తెలుగులో అచ్చు లేకుండా మాటే పుట్టదు కాబట్టి ఇది సమస్య అయింది. మొదటి అచ్చు అక్షరం, రెండోది ముద్రణ అనుకుంటే దారి దొరుకుతుంది.

కలువరేకు:
నాకు దొరికిన అక్షరాలు ఆర్, టీ, ఎం, వై, రెండు హెచ్‌లు. చాలాసేపు అటూ ఇటూ మార్చి చూశాను. హెచ్ తోడు వెతుక్కునే అక్షరం కదా అని ఒకదాన్ని ఆర్ పక్కన, ఇంకోదాన్ని టీ పక్కన పెట్టాను. జంటలు కుదిరాక మిగిలింది వై, ఎం. జంటల మధ్య వై, చివర ఎం. అంతే, రిథమ్!

ఆరు హల్లు లిచ్చి యాలోచనము చేయ
రిథము తట్టె మదికి రేయి గడిచి
పుటలు తిప్పి చూడ పుస్తకమున నుండె
అచ్చు లేని మాట యచ్చు కెక్కె

నిర్వాహకుడు:
మీ వేట పద్యం కన్నా బాగుంది, తల్లీ. మూడో పాదంలో నిఘంటువు తెరిచి చూపడం వల్ల ‘అచ్చు కెక్కె’ గట్టిగా నిలబడింది. ఒక్క దోషం ఉంది. అక్షరాలిచ్చింది ఒకరు, ఆలోచించింది మీరు. ‘ఇచ్చి’ క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ, రెండు పనులకూ కర్త ఒకరే కావాలి. ‘ఆరు హల్లు లీయ నాలోచనము చేయ’ అంటే గణాలు చెడవు, యతీ నిలుస్తుంది.

కలువరేకు:
సవరించుకున్నాను గురువుగారూ. ధన్యవాదాలు.

తుమ్మెద:
రిథమ్‌లో అచ్చు లేదంటే నాకు మనసొప్పడం లేదు. వై అక్కడ ఇకారం పలుకుతోంది. అదే చెప్పాను:

వైని హల్లటంచు వరుసలో నిలబెట్ట
పలుకులోన నదియె పాడుచుండె
చెవికి దొరికె నచ్చు చిక్క దక్షరమున
అచ్చు లేని మాట యచ్చు కెక్కె

నిర్వాహకుడు:
మూడో పాదం ఎన్నిసార్లు చదువుకున్నానో! అక్షరాలిచ్చి మాట వెతకమన్నప్పుడు మనం చూసేది రాతనే, పలుకును కాదు. ఆ తేడా ఒక్క పాదంలో పట్టారు. ‘పాడుచుండె’ కూడా అచ్చుకు తగిన క్రియ.

పలక:
‘అక్షరమున’ ద్రుతాంతం, అంటే చివర నకారం చేరే మాట. తర్వాత అచ్చు వచ్చింది కాబట్టి ‘నచ్చు లేని మాట’ కావాలి కదా? సంధి చేయకుండా వదిలేసిన విసంధి దోషం కాదా?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. ‘అక్షరమున చిక్కదు’ అని వాక్యం అక్కడ ముగిసింది. వాక్యాంతంలో సంధి చేయకపోయినా దోషం లేదు.

చిరుగాలి:
నాకు వెతకడంలో ఒక అలవాటు ఉంది. ఇచ్చిన అక్షరాలను ముందు ఇంగ్లీషు వర్ణమాల వరుసలో రాసుకుంటాను. ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టీ అని రాసుకుంటే లిసన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్ అన్నీ ఆ ఒక్క వరుస కిందికే వస్తాయి. అచ్చులు లేనప్పుడు వై ఎక్కడుందో చూస్తాను. చివర ఉంటే ఒక గుంపు, నడుమ ఉంటే ఇంకో గుంపు. రెంటినీ పద్యంలోకి తెచ్చాను:

స్కైయు, ఫ్లైయు, డ్రైయు సాక్షులై నిలబడ
లింక్సు కూడ దుమికె లేడి వోలె
ఐదుగురికి సెలవు లాంగ్లమందున నిడి
అచ్చు లేని మాట యచ్చు కెక్కె

నిర్వాహకుడు:
ఐదు అచ్చులనూ మనుషులను చేసి సెలవులివ్వడం ఎంతో ముచ్చటగా ఉంది. సెలవిచ్చిందీ, అచ్చుకెక్కిందీ ఆ మాటే కాబట్టి ‘ఇడి’ సరిపోయింది. రెండో పాదం మాత్రం యతి కోసం రాసినట్టుంది. లింక్స్ అడవిపిల్లి, లేళ్ళను వేటాడే జంతువు. దాన్ని లేడితో పోల్చకూడదు. ‘లింక్సు కూడ దుమికె లిప్తలోన’ అనండి, దూకుడూ పోదు, యతీ పోదు.

పలక:
నేను స్క్రాబుల్ ఆడేవాణ్ణి, అక్షరాల పలకలతో ఇంగ్లీషు మాటలు కూర్చే ఆట. ఆ ఆటలో వంద పలకలు, అందులో అచ్చులు 42, ఏ అక్షరంగానైనా వాడుకునే ఖాళీ పలకలు రెండు. ఒక్కొక్కరి ముందు ఏడు పలకలుంటాయి. ఏడూ హల్లులే వచ్చిన రోజు ఎలా ఉంటుందో ఆడినవాళ్ళకు తెలుసు. ఖాళీ పలక సాయం లేకుండా రిథమ్ వేయాలంటే సంచిలో ఉన్న రెండు హెచ్‌లూ మన దగ్గరికే రావాలి. క్రిప్ట్ దానికన్నా సులువు. ఐదు పలకలకు పన్నెండు పాయింట్లు. క్రిప్ట్ అంటే నేలకింద సమాధి గది.

ఏడు పలకలందు నేడు హల్లులె రాగ
వై యొకటియె చాలు వాడుకొనగ
క్రిప్టు తలుపు తీసి కిక్కురుమనకుండ
అచ్చు లేని మాట యచ్చు కెక్కె

తుమ్మెద:
‘కిక్కురుమనకుండ’! అచ్చు లేని మాటకు గొంతెక్కడిది? సమాధి గదికీ సరిపోయింది, మాటకూ సరిపోయింది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు ఇదే నచ్చింది.

నిర్వాహకుడు:
నాకూ ఇదే. అయితే పలకగారూ, ఇందాక మీరడిగిన ప్రశ్న ఇప్పుడు మీకే వర్తిస్తుంది. మీ వాక్యం మూడో పాదంతో ముగియలేదు, నాలుగో పాదంలోకి సాగింది. కాబట్టి ‘కిక్కురుమనకుండ / నచ్చు లేని మాట’ అనాలి. సంధి వల్ల సమస్య మొదటి అక్షరం మారితే తప్పు లేదు. న్‌ మీద అకారమే ఉంది కనుక యతి చెడదు.

పలక:
నిజమే, మార్చాను.

చిరుగాలి:
వై కూడా లేని మాటలున్నాయి కదా? ‘హ్మ్’ ఉంది, ‘ప్స్ట్’ ఉంది. వెల్ష్ భాష నుంచి వచ్చిన ‘కూమ్’ సీ, డబ్ల్యూ, ఎం అనే మూడక్షరాలే, అందులో డబ్ల్యూ ఊకారం పలుకుతుంది.

నిర్వాహకుడు:
‘హ్మ్’ను తెలుగులో రాయాలంటే చివర పొల్లు పెట్టి అచ్చును తీసేయాలి. మన హల్లుకు తలకట్టు పుట్టుకతోనే వస్తుంది. మీ మాట చదివాకే నా పూరణ కుదిరింది:

తెలుగు హల్లులోన దీపమై యచ్చుండు
ఆంగ్లలిపిని వేరె యా వెలుతురు
వెలుగు నింట నుంచి వీధి కేగిన రీతి
అచ్చు లేని మాట యచ్చు కెక్కె

కలువరేకు:
గురువుగారూ, ‘ఇంట నుంచి’ అంటే ఇంట్లో ఉంచి అనా, ఇంటి నుంచి అనా? నేను మొదట వెలుగే వీధిలోకి వచ్చిందనుకున్నాను.

నిర్వాహకుడు:
మీరు చెప్పేదాకా నాకు కనబడలేదమ్మా. ‘వెలుగు నింట విడిచి వీధి కేగిన రీతి’. ఇప్పుడు చూడండి.

కలువరేకు:
ఇప్పుడు దీపం ఇంట్లోనే ఉంది.