పెరట్లో పడక సీను సరే, ఈ రెండో ఫొటో ఏ నాటకం?

మాది అమలాపురం దగ్గర పల్లె. అటక మీది ట్రంకుపెట్టెలో తాతయ్య కుర్రతనపు ఫొటోలు దొరికాయి. స్నేహితులంతా కలిసి మా పెరట్లో, కొబ్బరిచెట్లకు దుప్పటి తెరగా కట్టి నాటకాలాడేవారట. ఒకటి చూడగానే తెలిసింది, ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకంలోని పడక సీను: నులకమంచం మీద కృష్ణుడి దొంగనిద్ర, తల దగ్గర కుర్చీలో దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. దుర్యోధనుడి చేతికి వాచీ కూడా ఉంది!

రెండోదే అంతు చిక్కడం లేదు. భుజాన కర్రతో తాతయ్య, పక్కన చీర కట్టిన కుర్రాడు, వెనక గొడుగు పట్టుకున్న బక్కమనిషి. హరిశ్చంద్ర నాటకంలో శ్మశానంలో జరిగే కాటిసీను అనుకుంటే గొడుగెందుకు? అప్పు వసూలుకు హరిశ్చంద్రుడి వెంటపడే విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడి వేషానికి గొడుగు పట్టించేవారా? పాత నాటకాలు చూసినవాళ్లు చెప్పండి.

ఇంకో ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. లాగితే బొమ్మ ఊడొస్తుందని భయం. అద్దం మీదుగానే స్కాన్ చేయించనా?