వుడ్‌స్టాక్‌ను కాపాడింది హిప్పీల శాంతి మంత్రమా, ఊరి వాళ్లు పెట్టిన తిండా?

పాలపిట్ట:
నిన్న రాత్రి ఒక ఫ్రెండ్‌తో మొదలైన వాదన తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. వాడి మాట ఇది: 1969 ఆగస్టులో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన వుడ్‌స్టాక్ రాక్ ఫెస్టివల్‌కు నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు, వాన పడింది, తిండి లేదు, దారులు మూసుకుపోయాయి, అయినా పెద్ద కొట్లాట అంటూ జరగలేదు, అదంతా ఆ తరం నమ్ముకున్న ప్రేమ, శాంతి వల్లే అని. నేనేమో ఆ పేరు చాలావరకు వాళ్ల కడుపు నింపిన వాళ్లకు దక్కాలంటాను.

అసలు ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూడండి. నిర్వాహకులు నలుగురూ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. ముందు అనుకున్న వాల్‌కిల్ ఊరు కుదరదని చెప్పేసరికి ఇంకా నెల రోజులే ఉంది. అప్పుడు బెతెల్ అనే ఊళ్లో మాక్స్ యాస్గర్ అనే పాడి రైతు పొలం దొరికింది (వుడ్‌స్టాక్ ఊరికి దాదాపు 70 కిలోమీటర్ల దూరం, పేరు మాత్రం అదే ఉండిపోయింది). బెతెల్ వాళ్లకు చెప్పింది 50 వేల మంది వస్తారని, ముందే అమ్ముడైన టికెట్లు 1,86,000 దాకా. కంచె పూర్తి చేయాలా, స్టేజీ పూర్తి చేయాలా అన్న దగ్గర స్టేజీ వైపు మొగ్గారు. ఇక 18 డాలర్లు పెట్టి ముందే కొన్నవాళ్లూ, పైసా పెట్టనివాళ్లూ కలిసిపోయారు. తిండి దుకాణాలు అంత జనానికి ఏ మూలకూ సరిపోలేదు, పైగా రేట్లు ఎక్కువ పెట్టారని శనివారం రాత్రి రెండు దుకాణాలు తగలబెట్టారు. అదే జనం, అదే శాంతి తరం!

మరి ఎవరు ఆదుకున్నారు? పక్కనున్న మాంటిసెల్లోలో యూదుల కమ్యూనిటీ సెంటర్ ఆడవాళ్లు శాండ్‌విచ్‌లు చేస్తే కాథలిక్ నన్‌లు పంచారు. ఎవరో మంచినీళ్లు అమ్ముతున్నారని తెలిసి యాస్గర్ బల్ల గుద్ది, నీళ్లకు డబ్బు ఎలా అడుగుతారయ్యా అని మండిపడి, డెయిరీలో ఉన్న ఖాళీ పాల సీసాలన్నీ నీళ్లతో నింపి పిల్లలకు ఇవ్వమన్నాడు, ఉన్న పాలు కూడా పంచేయమన్నాడు. "పాలు కొనొద్దు, మాక్స్ హిప్పీ పండగ ఆపండి" అని ఊళ్లో తన మీద బోర్డు పెట్టాక కూడా ఆయన చేసిన పని ఇది. నాకు వుడ్‌స్టాక్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ సీసాలే.

డ్రమ్స్‌బాబు:
పాలపిట్ట గారూ, సగం కథే చెప్పారు. పేపర్ కప్పుల్లో గింజలు, ఎండుపళ్లు కలిపి వేలమందికి పంచిన హాగ్ ఫామ్ వాళ్లు ఎవరు? పక్కా హిప్పీలు. మత్తు తలకెక్కి భయపడిపోయిన వాళ్ల పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది కూడా వాళ్లే. సెక్యూరిటీకి వస్తామన్న న్యూయార్క్ పోలీసులను చివరి నిమిషంలో పై ఆఫీసర్లు వద్దన్నారు. గవర్నర్ రాక్‌ఫెల్లర్ పదివేల మంది నేషనల్ గార్డ్స్‌ను (రాష్ట్ర సైనిక బలగం) దింపుతానంటే నిర్వాహకుల్లో ఒకరైన జాన్ రాబర్ట్స్ బతిమాలి ఆపాడు. లాఠీ లేకుండా అంతమంది సర్దుకుపోవడం చిన్న విషయమా?

పాటగాళ్ల సంగతీ చెప్పాలి. ముందు పాడాల్సిన వాళ్లు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రిచీ హేవెన్స్‌ను స్టేజీ ఎక్కించారు. దిగుదామనుకున్న ప్రతిసారీ ఇంకొకటి పాడమని వెనక్కి పంపారు. చివరికి తన దగ్గర పాటలు అయిపోతే స్వేచ్ఛ అనే ఒక్క మాట పట్టుకుని, ఒక పాత భక్తి గీతం కలిపి అక్కడికక్కడే పాట కట్టాడు. చెమటకు తడిసి వీపుకు అతుక్కున్న చొక్కా, ఆగని ఆ కుడి చెయ్యి వుడ్‌స్టాక్ మీద తీసిన సినిమాలో చూడండి. ఆ జనాన్ని కూర్చోబెట్టింది శాండ్‌విచ్ ఒక్కటే అంటే నేను ఒప్పుకోను.

హడ్సన్‌తీరం:
నేను ఉండేది బెతెల్‌లోని ఆ పొలానికి రెండు గంటల దూరంలో, రెండుసార్లు వెళ్లొచ్చా. పచ్చిక కప్పిన పెద్ద వాలు, కింద పల్లం, మన ఊళ్లో చెరువు గట్టు మీద నుంచి తిరునాళ్ల చూసినట్టు పైనుంచి అంతా కనిపిస్తుంది. ఆ వాలు వల్ల వెనకున్న వాళ్లకు కూడా స్టేజీ కనపడింది. ముందుకు తోసుకోవాల్సిన అవసరం తగ్గిందని అక్కడ నిలబడితేనే అర్థమైంది.

ఇంకో మాట. శుక్రవారం రాత్రి వానలో రవిశంకర్ సితార్ వాయించారు, కానీ ఆయనకు అది నచ్చలేదు. బురదలో ఆ జనాన్ని చూస్తే మన దేశంలో బురదలో పడుకునే గేదెలు గుర్తొచ్చాయని తర్వాత చెప్పారు. కాబట్టి స్టేజీ మీదున్న అందరికీ అది స్వర్గంలా అనిపించిందనుకోకండి. స్లీపింగ్ బ్యాగ్‌లో నిద్రపోతున్న ఒక కుర్రాడి మీద నుంచి ట్రాక్టర్ వెళ్లి ప్రాణం పోయింది, అదీ ఆ మూడు రోజుల్లోనే.

పాలపిట్ట:
డ్రమ్స్‌బాబు గారూ, హాగ్ ఫామ్ విషయం ఒప్పుకుంటున్నా. కానీ తరం గొప్పదే అయితే నాలుగు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ రాక్ కచేరీలో ఏమైంది? అదే తరం, వుడ్‌స్టాక్‌లో పాడిన శాంటానా, జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బ్యాండ్ల వాళ్లే అక్కడా పాడారు, అందరికీ ఫ్రీ. రెండు రోజుల ముందు స్థలం మార్చారు, స్టేజీ ఎత్తు చాలా తక్కువ, కాపలాకు హెల్స్ ఏంజెల్స్ అనే బైకర్ల ముఠా. మెరెడిత్ హంటర్ అనే 18 ఏళ్ల కుర్రాడిని స్టేజీ ముందే పొడిచి చంపారు.

1999లో వుడ్‌స్టాక్ పేరుతోనే న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న రోమ్ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరంలో పెట్టారు. జూలై ఎండ, కాలిపోతున్న తారు, కాంక్రీటు, నీళ్ల బాటిల్ 4 డాలర్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లు గేటు దగ్గరే లాక్కున్నారు. చివరి రాత్రి మంటలు పెట్టారు. నీళ్లు పంచిన చోటుకూ, నీళ్లు అమ్మిన చోటుకూ తేడా ఇంతకన్నా స్పష్టంగా కనపడదు.

వీణాతంత్రి:
ఇక్కడ ఆగండి. 1999లో ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. గుంపులో పైకెత్తి బట్టలు లాగేశారు. దాహం వేసినవాడు నీళ్ల ట్యాంకర్ దోచుకుంటే అర్థం చేసుకుంటా, పక్కనున్న అమ్మాయి మీద చెయ్యి వేస్తే దానికి బాటిల్ ధర కారణం అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అమ్మాయిలకూ దాహం వేసింది, వాళ్లెవరి మీదా పడలేదు. నిర్వాహకుల దురాశ ఒక తప్పు, ఆ మగవాళ్లు చేసింది వేరే నేరం. రెండూ కలిపేస్తే రెండోది చిన్నదైపోతుంది.

పాలపిట్ట:
నిజమే వీణాతంత్రి గారూ, ఆ రెండింటినీ నేను ఒకే గాటన కట్టకూడదు. మంటల వరకే నా మాట. ఆడవాళ్ల మీద జరిగినదానికి నీళ్ల లెక్క చెప్పను.

హడ్సన్‌తీరం:
యాస్గర్ గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్తా. పండగ అయ్యాక పొరుగువాళ్లు తమకు నష్టం జరిగిందని ఆయన మీదే కేసు వేశారు, ఊరి కొట్టుకు వెళ్లినా మొహం తిప్పుకునేవాళ్లు. మరుసటి ఏడు మళ్లీ పొలం ఇవ్వమంటే, నేను నా పాడి పని చూసుకుంటానని చెప్పి ఇవ్వలేదు. 1971లో పొలం అమ్మేశాడు, 1973లో గుండెపోటుతో పోయాడు, అప్పటికి 53 ఏళ్లు. ఇచ్చినందుకు మాత్రం ఎప్పుడూ బాధపడలేదు.