డిక్కీ పొడుగు ఆడికి కోటి ఎందుకప్పా?

గుత్తిరోడ్ 07 (అనంతపురం):
పోయిన ఆదివారం బెంగళూరు నుంచి వస్తూ పెనుకొండ దాటినాక టీకి ఆగితే పక్కనే ఒక ఆడి వచ్చి నిలబడింది. ముందు నుంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం, వెనక్కి పోయి చూస్తే మా మామ నడిపిన ఇండిగో మరీనా ఆకారం! ఆర్‌ఎస్ 6 అవాంట్ అంట. స్టార్ట్ చేసేసరికి బల్ల మీద నా టీ గ్లాసు వణికింది. అంత దుడ్డు ఉంటే స్పోర్ట్స్ కారో పెద్ద ఎస్‌యూవీయో కొనుక్కోవచ్చు కదా, సామాన్లు వేసుకునే బండికి ఇంత ఇంజన్ ఏం చేసుకోనీకి?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఎస్‌యూవీతో పోల్చడమే తప్పు అన్నా. బరువు ఎంత పైన ఉంటే మలుపులో అంత ఒరుగుతుంది, ఆ ఒరుగుడు ఆపాలంటే సస్పెన్షన్ గట్టిగా బిగించాలి, బిగిస్తే గుంతల్లో నడుము పోతుంది. ఇట్లా పొడుగు డిక్కీ ఉన్న బండిని వ్యాగన్ అంటారు (ఆడివాళ్లు పెట్టుకున్న పేరు అవాంట్). దాని కింద ఉండేది సెడాన్ ఒళ్లే, అంటే డిక్కీ విడిగా ఉండే మామూలు కారుదే, పైకప్పు వెనకదాకా సాగింది, అంతే. నువ్వు చూసింది 2015లో మన దగ్గర దించిన మోడల్ అయితే 4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్లు ‘వీ’ ఆకారంలో రెండు వరసలుగా ఉండే ఇంజన్), 560 హార్స్ పవర్, సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 3.9 సెకన్లు. షోరూం ధరే 1.35 కోట్లు అప్పట్లో. నాకు నచ్చేది టర్బోలు (పొగ తోపుకు తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే పంకాలు) పెట్టిన చోటు: ఇంజన్‌కు బయటి పక్కల కాదు, ‘వీ’ మధ్య సందులో కూర్చోబెట్టినారు. పొగ పోయే దారి పొట్టిగా ఉంటుంది కాబట్టి కాలు నొక్కగానే అందుకుంటుంది. నిదానంగా పోతుంటే ఎనిమిదిలో నాలుగు సిలిండర్లు పడుకుంటాయి కూడా.

చీనీతోట (తాడిపత్రి):
నా దగ్గర పాత వ్యాగన్ ఒకటి ఉండేది, కంపెనీ పేరు వద్దులే. చీనీకాయల సంచులు నాలుగు వేస్తే వెనక కుంగిపోయి హెడ్‌లైట్లు ఆకాశం చూసేవి. ఎదురుగా వచ్చే లారీవాళ్లు డిప్పర్ కొట్టి కొట్టి తిట్టేవాళ్లు, నేను డిమ్‌లోనే ఉన్నానని ఎవరికి చెప్పేది! ఈ ఆడిలో స్ప్రింగుల బదులు గాలి సంచులు. ఎంత కుంగిందో సెన్సర్ చూసి, గాలి ఎక్కించి మళ్లీ సమం చేస్తుంది. ఇంకో సంగతి, వ్యాగన్‌లో డిక్కీకి సీట్లకు మధ్య గోడ ఉండదు, టైర్ల రొద మొత్తం డప్పులో కొట్టినట్లు లోపలికి వస్తుంది. పైగా వెనక అంత పెద్ద తలుపు కోసం కోస్తే ఒళ్లు వదులవుతుంది. ఆ రెండూ సరిచేసి, ఆ వేగం తట్టుకునేలా కట్టడం చిన్న పని కాదు.

దేవుని కడప:
ఈ స్పీడు వ్యాగన్ల పిచ్చి మొదలుపెట్టినవాళ్లలో ఆడి, పోర్షే ఉన్నారు. 1994లో ఆర్‌ఎస్ 2 అవాంట్ అని చేసినారు, 2.2 లీటర్ల ఐదు సిలిండర్ల టర్బో, 315 హార్స్ పవర్, బ్రేకులు, అద్దాలు పోర్షేవి, బిగించింది కూడా పోర్షేవాళ్ల ఫ్యాక్టరీలోనే. అదే ఏడాది వోల్వో అయితే 850 ఎస్టేట్‌నే (ఎస్టేట్ అన్నా వ్యాగనే) బ్రిటన్ టూరింగ్ కార్ రేసుల్లోకి దింపింది, పెట్టె లాంటి బండి రేస్ ట్రాక్ మీద! గెలుపు సంగతి వదిలేయ్, జనం ఆ బండినే గుర్తు పెట్టుకున్నారు. ఇప్పటి బీఎండబ్ల్యూ వ్యాగన్ ఎం5 టూరింగ్ 727 హార్స్ పవర్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌కు తోడు కరెంటు మోటారు), కానీ బ్యాటరీతో కలిపి దాదాపు రెండున్నర టన్నులు. అంత బరువైనాక ఎస్‌యూవీని ఏమని ఎగతాళి చేస్తాం, నాకైతే పాతవే ముద్దు.

గుత్తిరోడ్ 07:
ఇప్పుడు కొంచెం తలకెక్కింది. అన్నట్టు ఆయన డిక్కీ తెరిచినప్పుడు తొంగి చూసినా. రెండు దిండ్లు, పిల్లోడి మూడు చక్రాల సైకిలు, ఒక కిన్లే బాటిల్ కేసు. సగం ఖాళీనే!