కోళ్ల గూటికి ఏ జాలీ వేస్తే జెర్రిపోతులు చిక్కుకోవు?

మాది అనంతపురం జిల్లా నార్పల పక్కన పల్లె. వేరుశనగ చేను గట్టున పదడుగుల కోళ్ల గూడు ఉంది, నేల మట్టిది. నెలలో రెండుసార్లు, రెండూ పొద్దున పది లోపే, ఆరడుగుల జెర్రిపోతులు నైలాన్ వలలో చిక్కుకున్నాయి. మొదటిదానికి తడిగుడ్డ కప్పి, కత్తెరతో పోగులు కోసి వదిలినాము. రెండోది మేము చూసేసరికే ఎండకు చచ్చిపోయింది. చాలా బాధయింది. చేలో ఎలుకలను తినేది అదే కదా, విషం కూడా లేదు.

వెల్లుల్లి నీళ్లు చల్లినాము, ఫినాయిల్ పోసినాము, ఏమీ పని చేయలేదు. వల తీసేస్తే మూడు రోజుల్లో నాలుగు కోడిపిల్లలు పోయినాయి. అంగుళం కన్ను ఇనుప జాలీ వేస్తే చిన్న పాము దూరి, పిల్లను మింగి, పొట్ట ఉబ్బి బయటికి రాలేక ఇరుక్కుంది. దాన్ని కూడా జాలీ కోసి బయటికి తీసినాము. ఒకతను పెంచుకుంటా, పట్టి ఇవ్వమన్నాడు. విదేశాల్లో కొన్ని రకాల పాములను ఇష్టంగా పెంచుతారు గానీ, మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇవ్వనన్నాను.

ఇట్లాంటి గూడు కట్టినవాళ్లు చెప్పండి: పాము దూరకుండా, ఇరుక్కోకుండా ఉండాలంటే జాలీ కన్ను ఎంత సైజు ఉండాలి?