కనిగిరి చుట్టుపక్కల ఇంటికొచ్చి నొప్పికి మందిచ్చే ట్రస్టులు ఏమన్నా ఉన్నాయా అండి?

అందరికీ నమస్కారం, మాది కనిగిరి దగ్గర పల్లె. మా పెద్దమ్మకి నోటి కేన్సర్, ఇంక కీమో వద్దు ఇంటికి తీసకపొమ్మన్నారు, ఇంటికొచ్చాకే అసలు బాధ మొదలైంది, రాత్రి రెండింటికి నొప్పొస్తే మంచం పట్టె గట్టిగా పట్టుకుంటది గానీ అరవదు, మేం లేస్తామని. గట్టి నొప్పికిచ్చే మార్ఫిన్ మాత్రలు మెడికల్ షాపుల్లో లేవంటున్నారు, 2014లో మత్తుమందుల చట్టం మార్చాక గుర్తింపు ఉన్న ఆస్పత్రులు ఇవ్వొచ్చు కదా, మరి ఒంగోలు, నెల్లూరు వైపు ఎక్కడిస్తారు? హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ (నయం కాని జబ్బు ఉన్నోళ్లని చివరిరోజుల్లో చూసుకునే చోటు) ఉచితమే గానీ అంత దూరం ఆమె కూచోలేదు. కేరళలోలాగా ఇంటికొచ్చి చూసే నర్సులు ఇటు ఎవరన్నా ఉంటే దయచేసి చెప్పండి. ఇంకోటి, మా ఊళ్లో ఇలా మంచాన పడ్డోళ్లు ఇంకో ముగ్గురున్నారు, మేం కుర్రోళ్లం నెలనెలా తలా కొంత వేసుకుంటాం, ఎలా మొదలుపెట్టాలో తెలిసినోళ్లు చెప్తారా?